గలగలలాడిన ఫిడేలు

పైడమ్మ చెవితో విని చూడకుండా ఏ వస్తువూ కొనేది కాదు. కుండయితే వేలితో కొట్టి వినేది, పనసకాయయితే అరచేత్తో తట్టి వినేది, కొబ్బరికాయయితే చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేది. పెళ్ళిచూపుల్లో కూడా బుల్లబ్బాయిని రెండు భుజాలూ పట్టుకుని ఊపి చూసిందని అంబాజీపేట ఆడవాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు. అది శుద్ధ అబద్ధం. ఆ రోజుల్లో పెళ్ళికూతురు తలెత్తి చూడడమే గొప్ప. పెళ్ళయ్యాక ఊపిందేమో మనకి తెలియదు.

గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలవని దాటించి, కోనసీమలోకి ఆనకట్ట నీళ్ళు తెచ్చిన కొత్తల్లో మాట ఇది. పైడమ్మది కురిడీ వ్యాపారం. కురిడీ అంటే తెలియనివాళ్ళు ఉంటారేమో, చెప్పేస్తాను. ముదిరిన కాయని పీచుతో సహా పొయ్యి పైనున్న అటక మీద పడేసి, పొగ తగలనిస్తూ నెలల తరబడి మరిచిపోవాలి. లోపలి నీళ్ళు మెల్లగా ఇంకిపోతాయి. కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడిగా దొర్లుతుంది. ఊపినప్పుడు నీళ్ళ చప్పుడు వస్తే పచ్చిది. ఏ చప్పుడూ రాకపోతే ఇంకా ఆగాలి. లొడలొడమంటే పండింది. పైడమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చదువంతా ఇదే. ఆ చదువుతోనే ఇల్లు నడిపింది, పెంకులు వేయించింది, ఎవరి దగ్గరా తల వంచకుండా బతికింది.

బుల్లబ్బాయిది చెట్టెక్కి కాయలు దింపే పని. ఊళ్ళో అందరికన్నా పొడుగు చెట్లు అతనికే అప్పగించేవారు. చెట్టు కొసన మొవ్వు దగ్గరికి చేరాక అతను పాడేవాడు. వాళ్ళమ్మ దంపుడు దగ్గర పాడుకున్న పాట ఒకటి, అతనికి అదొక్కటే వచ్చు. పొద్దున్నే ఆ పాట ఏ తోటలోంచి వినపడితే ఆ తోటలో దింపు అన్నమాట. తట్టా బుట్టా పట్టుకుని కూలివాళ్ళు అటు నడిచేవారు. మొగుడెక్కడున్నాడని పైడమ్మ ఏనాడూ ఎవర్నీ అడగలేదు. వాకిట్లో నిలబడి చెవి ఒగ్గితే చాలు.

అలాంటివాడు ఒక తొలకరిలో తడిసిన చెట్టు మీంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది. కట్టు కట్టినవాడు ఎంత తంటాలు పడినా కుడికాలు మాత్రం మోకాలి దగ్గర కర్రలా బిగుసుకుపోయింది, ఇక మడవలేడు. దానికి పైడమ్మ ఏడవలేదు. కాలు పోతే పోయింది, మనిషి మిగిలాడని ఊరంతా తిరిగి చెప్పింది. ఆవిడని ఏడిపించింది వేరే. ఆ రోజు నుంచి బుల్లబ్బాయి పాడలేదు. అరుగు మీద కాలు చాపుకుని కూర్చునేవాడు, చేతికందిన పని చేసేవాడు, పిలిస్తే "ఆయ్" అనేవాడు. అంతే. ఉప్పు ఎక్కువైనా ఆయ్, అసలు వెయ్యకపోయినా ఆయ్. పైడమ్మకి ఒకసారి కడుపు మండి, కావాలనే కూర చప్పగా వండి పెట్టింది. దానికీ ఆయే.

ఆ పరిస్థితిలో వేసవికి మాణిక్యాలరావుగారు వచ్చి వీళ్ళ ఎదురింట్లో దిగారు. ఆయన అమలాపురం మనిషి. భాగవత మేళానికి ఫిడేలు వాయిస్తారు. మేళం ఆడని నెలల్లో ఎవరింట్లోనో ఉండి ఇద్దరు ముగ్గురికి పాఠాలు చెబుతారు. దసరా వరకు అంబాజీపేటలో మకాం, ఆ తరువాత మేళంతో తూర్పుకి పోతారు. ఫిడేలు అప్పటికి మనవైపు కొత్త వింత. చెక్కపెట్టె ఏడుస్తోందని పిల్లలు పారిపోయేవారు, నవ్వుతోందని మళ్ళీ వచ్చేవారు.

మొదటిరోజు పాఠం మొదలవగానే పైడమ్మ ఒక విషయం గమనించింది. అరుగు మీదున్న బుల్లబ్బాయి చేతిలో కొబ్బరి పీచు కదలడం ఆగిపోయింది. మర్నాడు అతని ఎడమచేతి వేళ్ళు ఒడిలో వాటంతట అవే కదిలాయి. మూడోనాడు ఎదురింటి శిష్యుడు ఒక స్వరం తప్పు పలికిస్తే, అరుగు మీంచి బుల్లబ్బాయి గొంతెత్తి సరైన స్వరం అనేశాడు. అని, తనే బెదిరిపోయి తల దించుకున్నాడు.

మాణిక్యాలరావుగారు ఫిడేలు తీగల మీద లాగే కమాను చేత్తో పట్టుకునే వీధి దాటి వచ్చారు. "ఎవరయ్యా అది? నువ్వేనా? మళ్ళీ అను."

బుల్లబ్బాయి మళ్ళీ పీచు పట్టుకున్నాడు. పైడమ్మే ముందుకొచ్చింది. "అంటాడండి. సిగ్గండి. చెట్టు మీదయితే మా బాగా పాడేవాడండి."

ఆయన బుల్లబ్బాయి చెయ్యి తీసుకుని తిరగేసి చూశారు. వేళ్ళు నొక్కి చూశారు. తరువాత ఆ చాపుకున్న కుడికాలు చూసి పెద్దగా నవ్వేశారు.

"ఎందుకండీ నవ్వుతారు?" అంది పైడమ్మ మొహం మాడ్చుకుని.

"కోప్పడకు తల్లీ. ఫిడేలు వాయించేవాడు కుడికాలు ఇలాగే చాపి, వాయిద్యం తల చీలమండ మీద ఆనించుకోవాలి. నా శిష్యులకి ఆ కాలు ముడుచుకోకురా అని చెప్పలేక చస్తున్నాను. నీ మొగుడికా బాధ లేదు. చెవి ఉంది, వేళ్ళున్నాయి, కాలు కుదిరింది. ఇక వాయిద్యం తెచ్చుకోండి, నేను చెబుతాను. నాది మాత్రం ఇవ్వను, అది నా తిండి."

ఆ రాత్రి బుల్లబ్బాయి అన్నంలో చెయ్యి పెట్టి, "పైడీ, ఉప్పు తగ్గింది," అన్నాడు. ఆ మాటకి పైడమ్మ పొంగిపోయి పొయ్యి దగ్గరికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. దసరా లోపల ఫిడేలు ఇంట్లోకి రావాలని అక్కడే ఒట్టు పెట్టుకుంది.

ఒట్టయితే పెట్టుకుంది గాని, ఫిడేలు సంతలో దొరికే వంకాయా ఏమన్నానా? కాకినాడలో కొత్తది దొరుకుతుందని, దాని వెలకి ఒక ఆవూ దూడా వస్తాయని గురువుగారు చెప్పారు. ఆవూ దూడా ఉంటే పైడమ్మ ఈ పాటికి మజ్జిగ అమ్ముకునేది. వడ్రంగి పెదబాబు, "ఆమాత్రం పెట్టె నేను చెయ్యలేనా వదినా?" అని, గురువుగారి ఫిడేలుని దూరం నుంచి చూసి, పెద్ద కొబ్బరిచిప్పకి మేకతోలు బిగించి, కర్ర తగిలించి ఒకటి చేసి తెచ్చాడు. చూడ్డానికి బాగుంది. కమాను లాగితే మాత్రం పందికొక్కు తోక తొక్కినట్టు అరిచింది. పెదబాబు భార్య దాన్ని పట్టుకెళ్ళి నూనె గరిటె చేసుకుంది.

అప్పుడు కబురొచ్చింది. యానాం ఆ రోజుల్లో ఫ్రెంచివాళ్ళది, వాళ్ళని మనవాళ్ళు పరాసులనేవారు. ఒక పరాసు దొర సంసారంతో సహా ఓడెక్కి వాళ్ళ దేశం పోతున్నాడట. ఇంట్లో సామానంతా వరండాలో పెట్టి అమ్మేస్తున్నారట. అందులో ఫిడేళ్ళు కూడా ఉన్నాయని కొబ్బరి బండివాడు చూసొచ్చి చెప్పాడు.

మాణిక్యాలరావుగారు తనే వద్దామనుకున్నారు గాని, సరిగ్గా ఆ అమ్మకం నాటికే ముంగండలో పెళ్ళికి వాయిస్తానని మాటిచ్చి ఉన్నారు. అందుకని పైడమ్మని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "మెరుపు చూసి మోసపోకు. మెడ వంకర పోయిందేమో ఒక కన్ను మూసి చూడు. పొట్ట మీద చీలికలుంటే వద్దు. పురుగు తొలిచిన బెజ్జాలుంటే వద్దు. తీగలు బిగించే బిరడలు తిప్పితే తిరగాలి, వదిలితే ఆగాలి. కర్ర పాతదైతే మంచిది, ఎంత ఎండితే అంత పలుకుతుంది. నేర్చుకునేవాడికి అంతకన్నా అక్కర్లేదు."

"ఎండాలి," అని పైడమ్మ గట్టిగా తలూపింది. మిగతావన్నీ కూడా బుర్రలో పెట్టుకుంది, కానీ ఆ మాట మాత్రం మనసులో పెట్టుకుంది. ఎండడం గురించి తనకి ఒకరు చెప్పాలా?

అటక ఖాళీ చేసింది. ఏడాది పంట మొత్తం బండికెత్తించింది. ఓడవాళ్ళకి కురిడీ అంటే ప్రాణం, నెలల తరబడి సముద్రం మీద పోయినా పాడవదు. డబ్బుగా మార్చి తీసుకెళ్ళడం కన్నా సరుకుగా తీసుకెళ్ళడమే లాభమని ఆవిడకి తెలుసు. బుల్లబ్బాయి వాకిట్లో నిలబడి బండి వంక, ఖాళీ అటక వంక చూశాడు. "పైడీ, అంతా ఎందుకే? నాకు రాకపోతే?"

"రాకపోతే దాంతో పొయ్యి రాజేసుకుంటాను. నువ్వు లోపలికి పో మావా," అంది.

ఎదుర్లంక రేవు దాటి యానాంలో దిగి, దొర బంగళా చేరేసరికి పొద్దెక్కింది. వరండాలో చాప మీద మూడు ఫిడేళ్ళున్నాయి. అమ్మకం చూస్తున్నది దొరకి మన మాటలు చెప్పే దుబాసీ. ఆ సన్న మీసాలవాడు, కొబ్బరికాయల బండితో వచ్చిన ఆడమనిషి ఫిడేళ్ళ ముందు గొంతుక్కూర్చోవడం చూసి ముచ్చటపడి దగ్గరకొచ్చాడు.

మొదటిది పనస తొనలా నిగనిగలాడుతోంది. పైడమ్మ ఒక కన్ను మూసి మెడ చూసింది, తిన్నగానే ఉంది. చీలికలు లేవు. బిరడలు తిరిగాయి. అంతా అయ్యాక, ఎవరూ చెప్పకుండానే, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. పచ్చి. కింద పెట్టేసింది. రెండోదానికి ముత్యపు చిప్ప పొదిగి ఉంది. ఊపింది. అదీ మూగదే. మూడోది నల్లగా, పాతగా, పొయ్యి గూట్లోంచి తీసినట్టుంది. చీలికలు లేవు, పురుగు లేదు, మెడ తిన్నన. ఊపింది.

లొడలొడలొడ.

పైడమ్మ మొహం చేటంతయింది. మళ్ళీ ఊపింది. ఎంత శుభ్రమైన చప్పుడు! చిప్పని పూర్తిగా వదిలేసిన కురిడీ చప్పుడు. దసరా, మొగుడు, పాట అన్నీ ఆ చప్పుడులో వినపడ్డాయి ఆవిడకి.

"ఇదెంతండీ?"

దుబాసీ పాపం మంచివాడు. "అది వద్దమ్మా. లోపల ఏదో ఊడిపోయింది. ఎవరూ ముట్టుకోవడం లేదు."

"ఊడాలి కదండీ బాబూ. ఊడితేనే కదండీ!" అంది పైడమ్మ, వ్యాపారం తెలియని కుర్రతనం అనుకుని జాలిపడుతూ.

దుబాసీకి ఏమీ అర్థం కాలేదు. ఫిడేళ్ళ గురించి తనకి తెలియని మర్మమేదో ఉంది కాబోలనుకున్నాడు. బండెడు కురిడీ ఇస్తానంటే చటుక్కున ఒప్పుకుని, కమానూ, దానికి రాసే గుగ్గిలం ముక్కా ఇప్పించాడు. నిజానికి అందులో సగం సరుకుకే వచ్చేదది. పండిన సరుకుకి బేరమాడితే కళ్ళు పోతాయని పైడమ్మ బేరమాడలేదు. తిరుగు పడవలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రేవు దాటేవరకు మధ్య మధ్య ఊపుకుంటూ వచ్చింది. పడవవాడు, "పాపాయి ఊరుకుందా అక్కా?" అని అడిగాడు. ఆవిడ నవ్వింది. వాడికేం తెలుసు?

ఇంటికొచ్చి బుల్లబ్బాయి చేతుల్లో పెట్టింది. అతను దాన్ని తొలికాన్పు బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మర్నాడు ముంగండ నుంచి మాణిక్యాలరావుగారు కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి, వాయిద్యం తీసుకుని మెడ చూశారు, పొట్ట చూశారు. "భేష్ పైడమ్మా! మంచి పాత కర్ర," అన్నారు. తీగలు బిగించి కమాను లాగారు. ఫిడేలు రొంప పట్టిన మేకలా మూలిగింది. ఆయన కనుబొమలు ముడుచుకుని వాయిద్యాన్ని పక్కకి వంచారు. లొడలొడమంది.

"ఇదేమిటి, లోపల ఏదో దొర్లుతోంది. చూసుకోలేదా కొనేటప్పుడు?"

"చూసుకునే కొన్నానండి," అంది పైడమ్మ గర్వంగా. "మిగతా రెండూ చప్పుడు లేవండి. పచ్చివండి. ఇదొక్కటే పండిందండి."

గురువుగారు ఒక నిమిషం నోరు తెరుచుకుని చూశారు. తరువాత అరుగు మీద కూలబడి, కండువా నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టారు. అది విని బుల్లబ్బాయికి సంగతి తట్టింది. ముందు పెదవి బిగబట్టాడు, ఆగలేదు, పొట్ట పట్టుకుని నవ్వాడు. చెట్టు మీంచి పడ్డాక అతను నవ్వడం అదే మొదలు. ఇంకో రోజయితే ఆ నవ్వుకి పైడమ్మ పానకాలు పంచేది. ఆ రోజు మాత్రం ఆవిడకి ఖాళీ అటక ఒక్కటే కనపడింది. ఏడాది పొగ, ఏడాది ఎదురుచూపు ఓడెక్కిపోయాయి. చేతిలో మిగిలింది మూలిగే చెక్క. ఆవిడ పెదవులు వణకడం చూసి ఇద్దరూ నవ్వు ఆపేశారు.

"ఏడవకు తల్లీ," అన్నారు మాణిక్యాలరావుగారు కంగారుగా. "పగలలేదు, చెడలేదు. ప్రతి ఫిడేలు కడుపులోనూ చిన్న కర్రముక్క నిలబెట్టి ఉంటుంది. పై పలకకి కింది పలకకి నడుమ గుంజలాగ. ఇందులో అది పడిపోయింది. నిలబెడితే పలుకుతుంది. కాకినాడలో చేసేవాడొకడుండేవాడు, పోయాడు. నేనెప్పుడూ ఆ పనికి చెయ్యి పెట్టి ఎరగను. ఎలా నిలబెట్టాలో చెప్పగలను గాని..."

"చెప్పండి," అన్నాడు బుల్లబ్బాయి.

ముందు ఆ ముక్క బయటికి రావాలి. పొట్ట మీదున్న సన్నటి చీలికల్లాంటి సందుల్లోంచి తప్ప దారి లేదు. ఊపి తీసే పని ఎవరికి అప్పగించాలో ఎవరూ ఆలోచించలేదు. పైడమ్మ కళ్ళు తుడుచుకుని, ఫిడేలు బోర్లించి, చెవి ఒగ్గి, ఇటూ అటూ మెల్లిగా ఊపింది. ముక్క ఎక్కడ దొర్లుతోందో ఆవిడకి చూసినట్టే తెలిసిపోతోంది. నాలుగో ఊపుకి చిటికెన వేలంత పుల్ల సందులోంచి జారి ఒళ్ళో పడింది.

ఆ తరువాత గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చింది. పెదబాబు దాన్ని నిప్పుల్లో కాల్చి కొడవలిలా వంచిచ్చాడు. పుల్లని దాని మొనకి గుచ్చి, సందులోంచి లోపలికి పంపి, గురువుగారు చెప్పిన చోట నిలబెట్టాలి. లోపల కన్ను పనిచేయదు, చేయి పనిచేయాలి. మట్టల గుబురులో చెయ్యి దూర్చి కనపడని గెల తొడిమ పట్టుకోవడం బుల్లబ్బాయికి చిన్నప్పటి నుంచి అలవాటే. అయినా పుల్ల నిలబడింది, పడింది. నిలబడింది, పడింది. పడినప్పుడల్లా లొడుక్కుమంటే పైడమ్మ గుండె లొడుక్కుమంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఊపితే చప్పుడు రాకూడదు తండ్రీ అని ఆవిడ దేవుడికి మొక్కింది.

పొద్దు వాలేవేళకి బుల్లబ్బాయి దబ్బనం మెల్లిగా వెనక్కి లాగి, తీగలు బిగించి, ఫిడేలు పెళ్ళాం చేతికిచ్చాడు. "చూడు."

ఊపింది. చెవి ఆనించి ఊపింది. ఏ చప్పుడూ లేదు. "పచ్చిదైపోయిందండి!" అంది, ఏడుస్తూ నవ్వుతూ.

మాణిక్యాలరావుగారు కమాను లాగారు. లాగి, సగంలో ఆపి, ఫిడేలు వంక చూసి, మళ్ళీ లాగారు. ఆ నల్లపెట్టెలోంచి గొంతు ఎంత నిండుగా వచ్చిందంటే, వీధిలో పోతున్న ఎద్దులబండి ఆగిపోయింది. ఆయన తన వాయిద్యం తెచ్చి పక్కన పెట్టి అదీ ఇదీ వాయించి చూశారు. "పైడమ్మా, చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది గాని, నాదానికన్నా మంచిది తెచ్చేవు," అన్నారు. "కర్ర నిజంగానే పండిందమ్మా." రొట్టె విరిగి నేతిలో పడిందంటే ఇదే. కానీ పైడమ్మ ముందు ఆ సామెత అనకండి. చనిపోయేవరకు ఆవిడ వాదన ఒక్కటే, తను పండినదాన్నే ఏరి తెచ్చానని.

ఇక బుల్లబ్బాయి సాధన మొదలైంది. మొదటి నెలంతా ఆ వీధికి నరకమే. కుక్కలు ఇల్లు మారాయి. పెదబాబు భార్య ఆ నూనె గరిటే ఇంతకన్నా నయమంది. పైడమ్మ మాత్రం ఎవరు ఏమన్నా, "ఇంకా ఆగాలండి, ఇంకా ఆగాలి," అనేది. దసరాకి మాణిక్యాలరావుగారు మేళంతో వెళ్ళిపోతూ, శిష్యుడికి రావలసినవి వచ్చాయని, మిగతావి వచ్చే వేసవికి చెబుతానని అన్నారు.

మళ్ళీ అటక నిండింది. పొగ తాగింది. వేసవి ముందు ఒక పొద్దున పైడమ్మ నిచ్చెనెక్కి, ఒక్కొక్క కాయా చెవి దగ్గర పెట్టుకుని ఊపి, పండినవి బుట్టలో వేస్తోంది. అరుగు మీద బుల్లబ్బాయి కాలు చాపుకుని ఫిడేలు వాయిస్తున్నాడు. ఆ చప్పుడులో కాయ మాట వినపడక ఆవిడకి చిరాకేసింది.

"మావా! కాసేపు ఆపవయ్యా. కాయ వినపడట్లేదు!"

"ఆయ్," అని ఆపేశాడు.

ఇల్లు నిశ్శబ్దమైంది. పైడమ్మ ఒక కాయ చెవి దగ్గరికి తీసుకుంది. అతను చెట్టు మీంచి పడ్డాక ఏడాదిపాటు ఆ ఇంట్లో ఉన్న నిశ్శబ్దం ఇదే. ఊపబోయిన చెయ్యి ఆగిపోయింది. పాట ఆగాకగాని, అతను వాయిస్తున్నది ఏ పాటో ఆవిడకి తెలియలేదు. పాఠాల పాట కాదు. చెట్టు మొవ్వు దగ్గర పాడుకునే వాళ్ళమ్మ దంపుడు పాట.

చేతిలో కాయని ఊపకుండానే బుట్టలో పడేసింది.

"అయిపోయింది మావా. నువ్వు వాయించు."